మూడు ప్రోటాన్ల ఆమ్లం, ఒక రక్తపు సంచి

కొత్తపేట పండ్ల మార్కెట్ అనగానే హైదరాబాద్ తూర్పు వైపు పాతకాపులకు బత్తాయి లారీలు గుర్తొస్తాయి. నల్లగొండ తోటల్లో కోసిన కాయ ఎల్బీనగర్ చౌరస్తా దాటి గడ్డిఅన్నారం యార్డులో గుట్టలు పడేది. ఆ మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు. ఖాళీ అయిన జాగాలో టిమ్స్ పేరిట పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పండ్ల యార్డుకీ ఆస్పత్రికీ పొత్తు ఎక్కడ అంటే, రసాయనశాస్త్రం దగ్గర జవాబుంది. బత్తాయికి ఆ కాస్త పులుపు ఇచ్చేది సిట్రిక్ ఆమ్లం. రక్తదానానికి వాడే సంచిలో, రక్తం పడకముందే అడుగున కొద్దిపాటి ద్రవం ఉంటుంది. అందులోనూ ఉన్నది సిట్రిక్ ఆమ్లమే.

సంచిలోది పండు నుంచి పిండింది అనుకోవద్దు. నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని స్ఫటికాలుగా మొదట వేరు చేసింది స్వీడన్ రసాయనవేత్త షీలే, 1784లో. 1919 నుంచి ఫైజర్ కంపెనీ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పంచదారను నల్ల బూజుకు మేపి ఆ ఆమ్లాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. ప్రపంచమంతా ఇప్పటికీ అదే దారి. నిమ్మ రుచి కూల్‌డ్రింకు సీసా మీద 330, 331 అనే అంకెలు కనిపిస్తే, మొదటిది సిట్రిక్ ఆమ్లం, రెండోది దాని సోడియం లవణం. ఆ రెండూ కలిస్తే బఫర్. అంటే కాస్త ఆమ్లం పడినా, కాస్త క్షారం పడినా పీహెచ్ పెద్దగా కదలని ద్రావణం.

బఫర్ అన్న మాట ఈ ప్రాంతంలో వినపడినన్ని సార్లు మరెక్కడా వినపడదేమో. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా, నీట్ వచ్చినా, ‘అయానిక సమతాస్థితి’ పాఠం మారలేదు. ఆ పాఠంలో పిల్లలు కంఠతా పట్టే సూత్రం ఒకటే: పీహెచ్ కావాలంటే ఆమ్లం పీకేఏ తీసుకో, లవణానికీ ఆమ్లానికీ ఉన్న నిష్పత్తి లాగ్ కలుపు. పీకేఏ అంటే ఆమ్లం ప్రోటాన్‌ను ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పే అంకె. దీని మూలరూపాన్ని హార్వర్డ్‌లో లారెన్స్ హెండర్సన్ 1908లో రాశాడు. మరుసటి ఏడాది కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో సోరెన్‌సన్ పీహెచ్ కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. అదే నగరానికి చెందిన హాసెల్‌బాల్క్ 1916లో రెండింటినీ కలిపి లాగ్ రూపం ఇచ్చాడు.

ఎసిటిక్ ఆమ్లం లాంటి ఒంటి ప్రోటాన్ ఆమ్లానికి ఈ సూత్రంతో పేచీ లేదు. పీకేఏ ఒకటే ఉంది కాబట్టి ఏది వాడాలన్న ప్రశ్న రాదు. ఫాస్ఫారిక్ ఆమ్లం అలా కాదు. దానికి మూడు ప్రోటాన్లు, మూడు పీకేఏలు: 2.15, 7.20, 12.35. పరీక్షలో విద్యార్థి జారిపడేది మొదట ఇక్కడే. ఏ పీకేఏ?

దీనికి ఒక భాగహారం చాలు. 0.1 మోలార్ ఫాస్ఫారిక్ ఆమ్లం 100 మి.లీ.లో 10 మిల్లీమోల్‌ల ఆమ్లం ఉంది. దానికి అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 150 మి.లీ. పోస్తే 15 మిల్లీమోల్‌ల క్షారం పడింది. 15ను 10తో భాగిస్తే 1.5. ఇందులో పూర్ణాంకం ఒకటి, అంటే ప్రతి అణువూ మొదటి ప్రోటాన్‌ను వదిలేసింది. మిగిలిన అర, అంటే రెండో ప్రోటాన్ సగం అణువుల నుంచే పోయింది. కాబట్టి వాడాల్సింది రెండో పీకేఏ, నిష్పత్తి ఒకటికి ఒకటి, లాగ్ సున్నా, జవాబు 7.20. మొదటి మెట్టు దాటాక రెండో మెట్టు మీద ఎంత దూరం వచ్చామో చూసుకోవడమే ఈ లెక్కంతా.

అదే క్షారం 200 మి.లీ. పోస్తే భాగఫలం సరిగ్గా 2 వస్తుంది. అప్పుడు సూత్రం చేతులెత్తేస్తుంది, ఎందుకంటే అక్కడ బఫర్ లేదు. రెండు మెట్ల నడుమ నిలబడ్డ ఒకే అయాన్ ఉంది. అప్పుడు అటూ ఇటూ ఉన్న పీకేఏల సగటు తీసుకుంటారు: 7.20, 12.35ల సగటు 9.78. ఇక 50 మి.లీ. పోస్తే భాగఫలం 0.5 కాబట్టి చాలామంది 2.15 అని టిక్కు పెడతారు. అసలు జవాబు 2.3 దగ్గర. అంత పులుపులో ద్రావణంలోని హైడ్రోజన్ అయాన్లే లెక్కలోకి వచ్చేంత ఉంటాయి, ఆమ్లం తనంతట తానుగా ఇంకొంత విడిపోతుంది, నిష్పత్తి ఒకటికి ఒకటిగా మిగలదు. మెటీరియల్ పుస్తకాల్లో ఈ హెచ్చరిక ఉంటే చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండదు.

ఇంతవరకూ తరగతి గది గొడవ. ప్రయోగశాలలోకి వెళ్తే ఇంకో చిక్కు కాచుకుని ఉంది, దాని సంగతి కోచింగ్ సెంటర్లు ఎత్తవు.

పీహెచ్ మీటరును వాడే ముందు తెలిసిన పీహెచ్ ఉన్న ద్రావణంలో ముంచి సరిచేస్తారు. ప్రపంచమంతా ఒప్పుకున్న అలాంటి ప్రమాణ ద్రావణాల్లో ఒకటి ఫాస్ఫేట్‌తోనే చేస్తారు: సోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, ఒక్కొక్కటి 0.025 మోలార్. రెండూ సమానం కాబట్టి లాగ్ సున్నా, సూత్రం ప్రకారం పీహెచ్ 7.20 రావాలి. సీసా మీద ముద్రించి ఉండేది 6.86. తేడా 0.34. హైడ్రోజన్ అయాన్ల లెక్కలో చూస్తే ఇది రెండింతలకు పైనే. మీటరు తప్పు అనడానికి వీల్లేదు, మీటర్లను దిద్దేదే ఆ ద్రావణం.

పొరపాటు ఎక్కడుందో 1923లో పీటర్ డిబై, ఎరిక్ హుకెల్ చెప్పారు. నీళ్లలో రుణావేశంతో ఉన్న అయాన్ ఒంటరిగా ఉండదు. దాని చుట్టూ ధనావేశం ఉన్న సోడియం, పొటాషియం అయాన్లు కాస్త ఎక్కువగా మూగుతాయి. ఆ మూక వల్ల అయాన్‌కు స్థిరత్వం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది ఆవేశం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒక ఆవేశానికి 1 వంతు అనుకుంటే, రెండింటికి 4, మూడింటికి 9. ప్రోటాన్ వదలడమంటే ఒక ఆవేశం నుంచి పై ఆవేశానికి మారడం. కాబట్టి మొదటి మెట్టు మీద లాభం 1 వంతు, రెండో మెట్టు మీద 4 లోంచి 1 పోగా 3 వంతులు, మూడో మెట్టు మీద 9 లోంచి 4 పోగా 5 వంతులు. పుస్తకంలోని పీకేఏ అయాన్లు దాదాపు లేని పలచని నీటికి చెందినది. ఉప్పు చేరిన కొద్దీ మొదటి పీకేఏ కొద్దిగా, రెండోది దానికి మూడింతలు, మూడోది అయిదింతలు కిందికి దిగుతాయి. ఒంటి ప్రోటాన్ ఆమ్లంతో కనబడని ఈ జారుడు, బహుప్రోటాన్ ఆమ్లాలతో ఇంతగా బయటపడడానికి కారణం ఆ 1, 3, 5 వరసే.

ఆ ‘ఒక వంతు’ ఎంతో తెలియాలంటే అయానిక బలం కట్టాలి. ప్రతి అయాన్ గాఢతనూ దాని ఆవేశ వర్గంతో గుణించి, అన్నీ కూడి, సగం చేయాలి. మన ప్రమాణ ద్రావణంలో అది సరిగ్గా 0.1 వస్తుంది. డేవిస్ అనే రసాయనవేత్త 1938లో ఇచ్చిన సవరణ సూత్రంలో పెడితే ఒక వంతు 0.113. రెండో మెట్టు కాబట్టి మూడింతలు, 0.34. 7.20లోంచి తీసేస్తే 6.86. సీసా మీది అంకె దిగిపోయింది. ఇంత సులువైన సవరణ డిగ్రీ దాకా పిల్లల కంటబడకపోవడం బాధాకరమే.

ఫాస్ఫేట్ ప్రస్తావన వచ్చాక యల్లాప్రగడ సుబ్బారావు దగ్గర ఆగకుండా వెళ్లడం తెలుగు పాఠకుడికి న్యాయం కాదు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన 1920లలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. సూత్రం రాసిన హెండర్సన్ కూడా ఆ రోజుల్లో అదే విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను నీలి రంగు చిక్కదనంతో కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. ఆ పద్ధతిలో కండర రసాన్ని పరీక్షిస్తే నీలి రంగు రావలసిన వేగంతో రాలేదు, మెల్లమెల్లగా తేలింది. ఆ ఆలస్యం వెంటపడితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. అది ఆమ్లంలో నెమ్మదిగా విరిగి ఫాస్ఫేట్‌ను వదులుతుండడం వల్లే రంగు ఆలస్యమైంది. 1929లో కణానికి శక్తినందించే ఏటీపీని వేరుచేసినట్టు ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ఫాస్ఫోక్రియాటిన్ కణంలో విరిగితే వచ్చే ఫాస్ఫేట్‌కు పీకేఏ 6.8 దగ్గర ఉంటుంది, మూల అణువుది 4.5 దగ్గర. దానివల్ల పరుగెత్తే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతూనే కొన్ని హైడ్రోజన్ అయాన్లను మింగేస్తుంది. పుస్తకం చెప్పే 7.20 కణంలో 6.8 అయిందంటే కారణం పైన చెప్పిందే: కణం నిండా అయాన్లు.

ఇప్పుడు రక్తపు సంచి. ఎల్బీనగర్ చౌరస్తా చుట్టుపక్కల ఆస్పత్రులు ఎన్నో. విజయవాడ రోడ్డు మీద ప్రమాదం జరిగితే అంబులెన్సు వచ్చేది ఇటే. అప్పుడు అందే రక్తం గడ్డకట్టకుండా నిలవ ఉండడానికి సిట్రేట్ కావాలి. గడ్డకట్టే క్రియకు కాల్షియం అయాన్లు తప్పనిసరి, మూడు ఆవేశాలున్న సిట్రేట్ వాటిని పట్టి ఉంచుతుంది. 1914లో బ్రస్సెల్స్‌లో ఆల్బర్ట్ హ్యూస్టిన్, బ్యూనస్ ఐరిస్‌లో లూయిస్ అగోటే సిట్రేట్ కలిపిన రక్తాన్ని రోగులకు ఎక్కించారు. 1915లో న్యూయార్క్‌లో రిచర్డ్ లూయిసన్ 0.2 శాతం సిట్రేట్ చాలునని, ఆ మోతాదుకు ప్రమాదం లేదని చూపించాడు.

ఎర్రకణాలకు తిండిగా గ్లూకోజ్ కూడా చేర్చాలనుకుంటే మరో తంటా వచ్చింది. సోడియం సిట్రేట్, గ్లూకోజ్ కలిపి క్రిములు చావడానికి ఆటోక్లేవ్‌లో వేడిచేస్తే పంచదార పాకంలా ద్రవం గోధుమరంగు తిరిగేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, బ్రిటన్‌కు చెందిన లౌటిట్, మాలిసన్ ద్రవాన్ని పుల్లగా మార్చి ఈ చిక్కు విప్పారు. ఆమ్లంగా ఉంటే గ్లూకోజ్ మాడదు. సంచిలో సిట్రిక్ ఆమ్లం చేరిన కథ అది. వంట తెలివి అనొచ్చు, ప్రాణాలు నిలిపిన వంట.

ఇప్పుడు వాడుకలో ఉన్న ద్రవం పేరు సీపీడీఏ. సంచి మీద చీటీ అతికించి ఉంటుంది. లీటరుకు ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 26.3 గ్రాములు, సిట్రిక్ ఆమ్లం మోనోహైడ్రేట్ 3.27 గ్రాములు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 2.22 గ్రాములు, డెక్స్‌ట్రోజ్ 31.8 గ్రాములు, అడెనిన్ 0.275 గ్రాములు. మూడేసి ప్రోటాన్లున్న ఆమ్లాలు రెండు, ఒకే గిన్నెలో. చైతన్యపురిలో ఏ హాస్టల్ గదిలోనైనా ఈ చీటీ ఇచ్చి పీహెచ్ కట్టమంటే ఎంతసేపు పడుతుంది?

సిట్రిక్ ఆమ్లం పీకేఏలు 3.13, 4.76, 6.40. ఫాస్ఫారిక్ ఆమ్లపు పీకేఏల మధ్య అయిదేసి యూనిట్ల ఎడం ఉంది. ఇక్కడ ఒకటిన్నర పైచిలుకే. అందుకే నిమ్మరసాన్ని క్షారంతో టైట్రేషన్ చేస్తే మధ్యలో మెట్లు కనబడవు, చివర ఒక్కసారే పీహెచ్ గంతు వేస్తుంది. లెక్కకు మాత్రం పాత భాగహారమే పనికొస్తుంది, సోడియాన్ని లెక్కపెడితే సరి. ద్రావణంలో ధనావేశాలూ రుణావేశాలూ సమానం కావాలి కదా. ట్రైసోడియం సిట్రేట్ 89.4 మిల్లీమోల్‌లు, దాని వెంట సోడియం 268. సిట్రిక్ ఆమ్లం 15.6 మిల్లీమోల్‌లు. మొత్తం సిట్రేట్ 105. ఫాస్ఫేట్ తన సోడియంతో తాను సరిపెట్టుకుంటుంది, ఈ పీహెచ్ దగ్గర దాని వాటా స్వల్పం. 268ని 105తో భాగిస్తే 2.55. రెండు ప్రోటాన్లు అన్ని అణువుల నుంచీ పోయాయి, మూడోది 55 శాతం అణువుల నుంచి పోయింది. నిష్పత్తి 55కి 45, లాగ్ 0.09. మూడో పీకేఏ 6.40కి కలిపితే 6.5.

తరగతిలో దీనికి పూర్తి మార్కులు పడతాయి. కానీ ఈ ద్రవానికి ఔషధ ప్రమాణాలు విధించిన పీహెచ్ 5 నుంచి 6 మధ్య. 6.5 ఉంటే ఆ బ్యాచ్‌ను పక్కన పెట్టాల్సిందే.

అయానిక బలం కట్టి చూద్దాం. సోడియం మొత్తం 284 మిల్లీమోల్‌లు. మూడు ఆవేశాల సిట్రేట్ 58, దాని వర్గం తొమ్మిదితో గుణిస్తే 522. రెండు ఆవేశాలది 47, నాలుగుతో గుణిస్తే 188. ఫాస్ఫేట్ 16. అన్నీ కలిపి 1010, సగం 505 మిల్లీమోల్‌లు, అంటే దాదాపు 0.5 మోలార్. అక్కడ ఒక వంతు 0.16. మూడో మెట్టు కాబట్టి అయిదింతలు, 0.80. 6.40 కాస్తా 5.60కి దిగింది. దానికి 0.09 కలిపితే 5.7. ప్రమాణాల లోపలికి వచ్చేశాం. ఫాస్ఫేట్ చేసే చిన్న సర్దుబాటు, రెండో మెట్టు మీద ఇంకా మిగిలిన కొద్దిపాటి అణువులు, ఇవన్నీ కలిపి కంప్యూటర్‌కు ఇచ్చినా జవాబు రెండో దశాంశ స్థానంలోనే కదులుతుంది. కష్టమైన సమీకరణాలను వదిలేసినందుకు నష్టం పిసరంత, అయాన్ల మూకను వదిలేస్తే నష్టం ఎనభై వందో వంతులు. తరగతి గదిలో శ్రద్ధ ఎటు పోతున్నదో, ఎటు పోవాల్సి ఉందో ఈ రెండు అంకెలు చూస్తే తెలిసిపోతుంది.

చీటీలో ఆఖరున ఉన్న అడెనిన్ ఏటీపీ కోసం. నిలవ ఉన్న ఎర్రకణాల్లో ఏటీపీ తరుగుతూ వస్తుంది. అడెనిన్ అందితే అవి దాన్ని తిరిగి కూడగట్టుకోగలవు. సుబ్బారావు, ఫిస్కే కండరంలోంచి తీసిన ఆ పదార్థాన్ని కాపాడడానికే లీటరుకు పావు గ్రాము చిల్లర అడెనిన్ వేస్తారు. దాని చలవతో నిలవ కాలం 21 రోజుల నుంచి 35 రోజులకు పెరిగింది. ఆ 35 రోజుల్లో కణాలు గ్లూకోజ్ తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి, పీహెచ్ మెల్లగా పడుతుంది, బఫర్ ఆ పతనాన్ని నిదానింపజేస్తుంది.

మనిషి ఒంట్లోని రక్తానికి మరో బహుప్రోటాన్ ఆమ్లం కాపలా ఉంది: కార్బానిక్ ఆమ్లం. పాఠ్యపుస్తకంలో దీని మొదటి పీకేఏ 6.35. ఐసీయూలో ధమని రక్తం తీసి పరీక్షించే డాక్టరు వాడేది 6.1. శరీరం వేడి 37 డిగ్రీలు, ప్లాస్మాలో ఉప్పు ఉంది, అందుకని ఆ మేరకు తగ్గింది. బైకార్బనేట్ 24 మిల్లీమోల్‌లు, కరిగిన కార్బన్ డయాక్సైడ్ 1.2, నిష్పత్తి 20, లాగ్ 1.3, పీహెచ్ 7.4. ఇంటర్ పుస్తకంలోని 6.35 పెట్టి కడితే 7.65 వస్తుంది; ఆరోగ్యంగా ఉన్న మనిషి కాగితం మీద ప్రమాదకర స్థితిలోకి వెళ్లిపోతాడు.

పరీక్ష రాసే పిల్లలు మాత్రం కంగారుపడనక్కర్లేదు. ప్రశ్నపత్రంలో పీకేఏ ఇచ్చి పీహెచ్ అడిగితే 7.20 అనే గుర్తించాలి, కీలో ఉండేది అదే. ల్యాబులో బఫర్ చేయాల్సి వస్తే లెక్క ప్రకారం కలిపి, మీటరు ముంచి, చివరి సర్దుబాటు చుక్కలతో చేసుకోవాలి. ఇక 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవారి నుంచి రక్తనిధుల్లో 350 మి.లీ. తీసుకుంటారు, ఆ సంచిలో ముందే 49 మి.లీ. సీపీడీఏ ఉంటుంది. 55 కిలోలు దాటిన వారి నుంచి 450 మి.లీ. తీసుకునే సంచిలో 63. మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. వెళ్లినప్పుడు సంచి మీది చీటీ అడిగి చదవండి, లెక్క మీరే కట్టి చూడండి.